"చెరువు కింది మడి కాయిదం ఏది?": ఒక ఇంటి కాగితాలన్నీ కంప్యూటర్‌లో వెతుక్కునేలా చేసిన కేసు

ఇళ్లల్లో పేరుకుపోయిన కాగితాలను స్కాన్ చేసి, ఆ ఇంటి కంప్యూటర్‌లోనే మాట కొట్టి వెతుక్కునేలా అమర్చిపెట్టడం నా పని. హనుమకొండలో ఒక రిటైర్డ్ టీచర్ గారింట్లో చేసిన పనిని ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. తెలుగు కాగితాలతో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ ఒక్క ఇంట్లోనే ఎదురయ్యాయి, ఇంగ్లీషులో దొరికే గైడ్‌లు ముందుపెట్టుకుని కూర్చుంటే వాటిలో సగానికి జవాబు దొరకదు. సారు వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, సర్వే నంబర్లు మాత్రం మార్చాను.

కథ మొదలైంది లోన్‌తో. అబ్బాయి ఇంటి లోన్ కోసం హనుమకొండ ప్లాటును తాకట్టు పెడదామనుకుంటే బ్యాంకు వాళ్లు లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ ప్లాటు అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు, అడిగారు. సారు, అమ్మ కలిసి రెండు బీరువాలు, ఒక ట్రంకు పెట్టె, మంచం కింది సంచులు మూడు రోజులు వెతికారు. కావలసిన సేల్ డీడ్ నాలుగో రోజు ఎల్‌ఐసీ బాండ్ల కవర్‌లో దొరికింది. ఆ మూడు రోజులూ సారుకు బీపీ టెన్షన్, అమ్మకు నిద్ర లేదు. డాలస్‌లో ఉండే అమ్మాయి నాకు ఫోన్ చేసి "అన్నా, బాపు మళ్లీ ఇట్ల ఇబ్బంది పడొద్దు, ఏదైనా చేయండి" అంది.

వెళ్లి చూస్తే లెక్క ఇలా తేలింది: సుమారు 1,840 కాగితాలు. పరకాల వైపు ఊళ్లో ఉన్న వ్యవసాయ భూమివి పహాణీ (ఏ సర్వే నంబరు భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసే ఊరి రికార్డు) నకళ్లు, పాత పాసుబుక్కులు, రెండు సాదాబైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు పత్రాలు), విరాసత్ (వారసత్వం) కాగితాలు. ప్లాటువి సేల్ డీడ్, లింకులు, ఈసీలు (ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రాలు). సారు సర్వీసు రిజిస్టర్ కాపీలు, పెన్షన్ ఆర్డర్లు. ఇద్దరి వైద్యం చీటీలు. వీటికి తోడు ఫోన్‌లో వాట్సాప్ ద్వారా వచ్చిన రెండు వందల పైచిలుకు పీడీఎఫ్‌లు, వేటికీ అర్థమయ్యే పేరు లేదు, అన్నీ అంకెలే. అంతకుముందు ఎవరో చెబితే ఒక షాపులో కొన్ని స్కాన్ చేయించారట. వాళ్లు 214 పేజీలను ఒకే పీడీఎఫ్‌గా చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు, అందులో పేజీలు కొన్ని తలకిందులుగా ఉన్నాయి. దాన్ని వాడకుండా మళ్లీ మొదటి నుంచి స్కాన్ చేశాను. ఒక కాగితం కట్టకు ఒక ఫైలు ఉండాలి, లేకపోతే వెతికినప్పుడు మాట దొరికినా అది ఏ కాగితంలోదో తెలుసుకోవడానికి మళ్లీ పేజీలు తిప్పాల్సిందే.

కంప్యూటర్ ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్. విండోస్ 10 మీద నడుస్తోంది, 2025 అక్టోబరుతో దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు ముగిసింది, విండోస్ 11 ఆ మిషన్ మీదికి ఎక్కదు. వాళ్లు వాడేది బ్రౌజర్, యూట్యూబ్ మాత్రమే కాబట్టి విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసి, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను. మొత్తం కాగితాలు స్కానయ్యాక పట్టిన చోటు ఒకటిన్నర జీబీ లోపే, కాబట్టి పెద్ద డిస్కు కోసం ఖర్చు పెట్టనవసరం లేదు.

స్కానింగ్

300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), గ్రే మోడ్. ఇంతకన్నా తక్కువైతే తెలుగు వత్తులు అలుక్కుపోతాయి, ఎక్కువైతే ఫైలు బరువు పెరగడం తప్ప నాకు లాభం కనబడలేదు. కొత్త కాగితాలను షీట్ ఫీడర్‌లో పెట్టాను. పాతవాటిని పెట్టకూడదు. 1991 నాటి శిస్తు రసీదు ఒకటి పలచగా ఉన్నా వెళ్తుందిలే అని అందులో పెట్టి మూల నలిపాను, అది నా తప్పే, అక్షరాలు పోలేదు కాబట్టి సారు ఏమీ అనలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాటిన ఏ కాగితాన్నీ ఫీడర్ దగ్గరికి తీసుకెళ్లలేదు.

స్టాంపు పేపర్లతో ఇంకో ఇబ్బంది ఉంది. అవి లీగల్ సైజు, అంటే దాదాపు 35.6 సెంటీమీటర్ల పొడవు. ఇళ్లల్లో ఉండే ఫ్లాట్‌బెడ్ స్కానర్ అద్దం ఏ4 కొలతకు చేసింది, 29.7 సెంటీమీటర్లే. కింద ఆరు సెంటీమీటర్లు తెగిపోతుంది, సాక్షుల సంతకాలు, ముద్రలు ఉండేది సరిగ్గా అక్కడే. అందుకే వాటిని కిటికీ పక్కన నల్లగుడ్డ పరిచి, ఫోన్‌ను స్టాండ్‌కు బిగించి పైనుంచి ఫోటోలు తీశాను. పగటి వెలుగులో నీడ పడకుండా తీస్తే స్కానర్‌కు ఏమాత్రం తీసిపోదు. మొత్తం స్కానింగ్‌కు తొమ్మిది రోజులు పట్టింది, అందులో సగం టైమ్ పిన్నులు తీయడానికి, ఏది దేనికి జతో సారును అడిగి తెలుసుకోవడానికే పోయింది.

బొమ్మలోంచి అక్షరాలు తీయడం

స్కాన్ చేస్తే వచ్చేది బొమ్మ. అందులోని అక్షరాలను గుర్తించే పనిని ఓసీఆర్ అంటారు. నేను వాడింది టెసరాక్ట్. 1980లలో హెచ్‌పీ కంపెనీలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయిన సాఫ్ట్‌వేర్ ఇది. దీనికి తెలుగు డేటా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని నేరుగా నడపకుండా ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే పనిముట్టు ద్వారా నడిపితే, పేజీ బొమ్మ అలాగే ఉండి దాని వెనక కనబడని అక్షరాల పొర ఒకటి చేరుతుంది. కంటికి పాత కాగితమే కనబడుతుంది, వెతికే సాఫ్ట్‌వేర్‌కు అక్షరాలు కనబడతాయి. భాష దగ్గర తెలుగు, ఇంగ్లీషు రెండూ ఇవ్వాలి, మన కాగితాల్లో రెండూ లేని పేజీ అరుదు. డేటాలో త్వరగా పనిచేసేది, నాణ్యమైనది అని రెండు రకాలుంటాయి, తెలుగుకు నాణ్యమైనదే పెట్టండి. ఆ పాత మిషన్ మీద పేజీకి పది పన్నెండు సెకన్లు తీసుకుంది, రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే పొద్దున్నకల్లా మొత్తం అయిపోయింది.

ఇక్కడే నేను ఒక రోజు పోగొట్టుకున్నాను. రిటైర్డ్ టీచర్ల సంఘం సర్క్యులర్లు, సారు రాసిన వ్యాసాలు డీటీపీ చేయించిన పీడీఎఫ్‌లు ముప్పై దాకా ఉన్నాయి. అన్నీ శుభ్రమైన ప్రింటు, తెలుగు చక్కగా కనబడుతోంది, కానీ వాటిలోని ఒక్క మాట కూడా వెతికితే దొరకడం లేదు. కారణం అను ఫాంట్లు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి వాడకంలోకి రాకముందు నుంచీ మన డీటీపీ సెంటర్లు వాడుతున్న ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మ ఇంగ్లీషు అక్షరం స్థానంలో కూర్చుని ఉంటుంది. కంటికి "పెన్షన్" అని కనబడేది కంప్యూటర్‌కు కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగూరగంప. ఇప్పటికే అక్షరాలున్న పేజీలను వదిలేయమని నేను ఓసీఆర్‌కు చెప్పి ఉన్నాను, అందరూ చెప్పేది అదే. ఈ పీడీఎఫ్‌లలో అక్షరాలు ఉన్నట్టే దానికి తోచింది, వదిలేసింది. ఈ ముప్పైని విడిగా తీసి, ఉన్న అక్షరాలను పట్టించుకోకుండా ప్రతి పేజీనీ బొమ్మగా మార్చి మళ్లీ చదవమని బలవంతంగా నడిపితే అప్పుడు దొరికాయి. మీ దగ్గర తెలుగు పీడీఎఫ్ ఏదైనా ఉంటే ముందు ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేసి చూడండి, పిచ్చి గుర్తులు వస్తే ఇదే సంగతి.

ఓసీఆర్ ఎంత బాగా చదివింది అంటే, కంప్యూటర్ ప్రింట్లు బాగా చదివింది. పాత టైప్‌రైటర్ కాగితాలు, ముద్ర పడిన చోట్లు అంతంతమాత్రం. ప, వ తారుమారయ్యాయి, మ, య తారుమారయ్యాయి, సున్న ఒక్కోచోట అంకె సున్నాగా మారింది. చేతిరాత అసలు చదవలేదు, దానికోసం తయారైన సాఫ్ట్‌వేర్ కాదది. రెండు సాదాబైనామాలూ చేతిరాతే. ఊళ్లో నలుగురి ముందు తెల్లకాగితం మీద రాసుకుని వేలిముద్రలు వేసిన కాగితాలు అవి, ఆ భూమికి మూలం అవే. అంటే ఇంటికి అన్నిటికన్నా ముఖ్యమైన కాగితమే కంప్యూటర్‌కు తెల్లకాగితంతో సమానం.

వెతకడం

వెతకడానికి రికోల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. మింట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఫైళ్ల లోపలి మాటలన్నిటికీ సూచిక కట్టుకుని క్షణంలో చూపిస్తుంది. రెండో వారం చివర్లో, అంతా అయిపోయిందనుకుని సారును, అమ్మను కూర్చోబెట్టి ఒక పరీక్ష పెట్టాను. మీకు నిజంగా అవసరం పడే ప్రశ్నలు చెరి పది రాయండి, కంప్యూటర్ చూడకుండా రాయండి అన్నాను. ఆ ఇరవై ప్రశ్నల్లో ఎనిమిదే దొరికాయి.

సారు ప్రశ్నలు నేను ఊహించినట్టే ఉన్నాయి, "1998 పీఆర్సీ ఫిక్సేషన్" (వేతన సవరణ కాగితం) లాంటివి. అమ్మ రాసినవి చూడండి. "చెరువు కింది మడి కాయిదం." "పెద్దబావ సంతకం పెట్టిన కాయిదం." "గుండె డాక్టరు మొదటిసారి రాసిన చీటి." "బోరు ఏయించిన బిల్లు." వీటిలో ఒక్క మాట కూడా ఆ కాగితాల మీద అచ్చయి లేదు. పహాణీలో చెరువు కింది మడి అని ఉండదు, సర్వే నంబరు ఉంటుంది. ఆ నంబరు అమ్మ ఎప్పుడూ పలకలేదు. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ ఆ పొలంలో నాట్లేసిన మనిషి ఆమె. ఆ భూమికి ఆమె నోట్లో ఉన్న పేరు అది, రేపు ఆమెకు ఆ కాగితం కావలసి వచ్చినా ఆ పేరుతోనే అడుగుతుంది.

ఆ రోజు నా పద్ధతి మార్చుకున్నాను. ఓసీఆర్ కాగితం మీది మాటలనే ఇస్తుంది. ఇంట్లో వాళ్లు అడిగే మాటలను మనమే చేర్చాలి. ప్రతి ముఖ్యమైన ఫైలు పక్కన అదే పేరుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టాను. అందులో ఆ కాగితం గురించి సారు, అమ్మ చెప్పుకునే మాటలు, వాళ్లు అన్నట్టే. సాదాబైనామా పక్కన పెట్టింది ఇలా ఉంటుంది: "చెరువు కింది మడి. పెద్దబావ సంతకం. సర్వే 214 అ, 214/అ. ఎకరం ఇరవై గుంటలు. తెల్లకాయిదం, సాదాబైనామా. ఇద్దరు సాక్షులు, ఒకరిది వేలిముద్ర. అసలు కాగితం ట్రంకు పెట్టెలో నీలం కవర్‌లో." చివరి వాక్యం చాలా ముఖ్యం. బ్యాంకుకైనా కోర్టుకైనా చివరికి అసలు కాగితమే కావాలి, స్కాన్ కాపీ చూపించి పని చేసుకోలేం, అందుకే అది ఇంట్లో ఎక్కడుందో ప్రతి నోటులో రాశాను. పీడీఎఫ్ లోపల దాచే ట్యాగులు కాకుండా మామూలు టెక్స్ట్ ఫైలే ఎందుకంటే, రేపు రికోల్ లేకపోయినా, ఇంకో కంప్యూటర్‌కు మారినా, ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని చదవగలదు.

ఈ నోట్లు రాయడానికి వారం పట్టింది. నాకు ఆ వారం చాలా ఇష్టం. అమ్మ మంచం మీద కూర్చుని ఒక్కో కాగితం చేతిలోకి తీసుకుని దాని కథ చెప్పేవారు, నేను టైప్ చేసేవాణ్ని. "ఇది ఏ సంవత్సరం అమ్మా" అంటే "పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు" అనేవారు, దాన్ని కూడా అలాగే రాశాను, పక్కన సంవత్సరం చేర్చాను.

తెలుగుకు మాత్రమే ఉన్న ఇబ్బందులు కొన్ని ఇక్కడ వచ్చాయి. ఇంగ్లీషులో మాట చివర మారినా రికోల్ దాని మూలాన్ని పట్టుకుని వెతుకుతుంది, తెలుగుకు ఆ సదుపాయం లేదు. "చెరువు" అని కొడితే "చెరువులో" రాదు. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే వస్తుంది, సారుకు మొదట నేర్పింది అదే. కానీ "ఇల్లు" పక్కన నక్షత్రం పెట్టినా "ఇంటి పన్ను" రాదు, "ఊరు" అంటే "ఊరి" రాదు, మాట మధ్యలోనే మారిపోతుంది కదా. దీనికి రికోల్‌లో పర్యాయపదాల ఫైలు పెట్టుకునే వీలుంది. ఒక్కో వరుసలో ఒకే అర్థం ఉన్న మాటలు రాస్తే, ఏది కొట్టినా అన్నీ వెతుకుతుంది. మొదటి వరుస ఇల్లు, ఇంటి, ఇండ్లు, ఇళ్లు. రెండోది కాయిదం, కాగితం, పత్రం, దస్తావేజు, డాక్యుమెంట్. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) పక్కన అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, ఎందుకంటే ల్యాబ్ రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, సారు తెలుగులో టైప్ చేస్తారు. ఇలా అరవై వరుసల దాకా అయ్యాయి.

ఇంకొకటి కంటికి కనబడనిది. "సాఫ్ట్‌వేర్", "సేల్‌డీడ్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి ఒక కనబడని అక్షరం పెడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు, ఓసీఆర్ ఒక్కోసారి మాటనే రెండుగా విరగ్గొడుతుంది. చూడ్డానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు అవి వేర్వేరు మాటలు. "సేల్‌డీడ్" అని కొడితే ఏమీ రాకపోయేసరికి గంటసేపు తల పట్టుకున్నాను. పర్యాయపదాల ఫైలులో రెండు రూపాలూ పెట్టి, నోట్లలో మాత్రం "సేల్ డీడ్" అని విడగొట్టి రాయడం అలవాటు చేసుకున్నాను.

ఫైలు పేర్ల సంగతి. తేదీ ముందు, తర్వాత కాగితం రకం, తర్వాత ఇంట్లో పిలిచే పేరు, అన్నీ తెలుగులో. ఇష్టమొచ్చినంత పొడుగు పెట్టడానికి వీల్లేదు. లైనక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. "శ్రీ" అనేది మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు గుర్తులు, అంటే 12 బైట్లు. అలా చూస్తే పేరుకు 85 గుర్తులు కూడా దాటలేం. విండోస్‌లో పెట్టుకున్న పొడుగు తెలుగు పేర్లు కొన్ని ఇటు కాపీ కాకుండా ఆగిపోయినప్పుడు ఇది తెలిసింది.

పాత పహాణీల మీద ఫసలీ సంవత్సరం, అంటే పాత రెవెన్యూ లెక్క ప్రకారం సంవత్సరం, ఉంటుంది. 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది, 1383 ఫసలీ అంటే 1973-74. నోట్లలో రెండూ రాశాను. 1954-55 కాస్రా పహాణీ (తెలంగాణ భూములకు మూల రికార్డుగా చూసే పహాణీ) నకలు ఒకటి ఉంది, దాన్ని సారు ప్రాణంగా చూసుకుంటారు. తెలంగాణలో భూమి తగాదా ఏది వచ్చినా ముందు అడిగేది దాన్నే.

ఆధార్ కాపీలు, భూమి కాగితాలు, రోగాల చరిత్ర అంతా ఒకేచోట చేరింది కాబట్టి డిస్కు మొత్తానికి పాస్‌వర్డ్‌తో తాళం వేశాను. రెండు బయటి హార్డ్ డిస్కుల్లో కాపీలు, అవి కూడా తాళం వేసినవే, ఒకటి బీరువాలో, ఒకటి అబ్బాయి దగ్గర హైదరాబాద్‌లో. అమ్మాయి ఆన్‌లైన్ డ్రైవ్‌లో కూడా పెట్టమంది, క్రిప్టోమేటర్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళం వేశాకే పెట్టాను. బీరువాలోని కాపీని నా ల్యాప్‌టాప్‌కు పెట్టి, పది ఫైళ్లు తెరిచి చూశాకే బ్యాకప్ అయిందని చెప్పాను. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సీల్ చేసిన కవర్‌లో అబ్బాయికి ఇచ్చాం.

ఐదో వారంలో అవే ఇరవై ప్రశ్నలు మళ్లీ పెట్టాను. అమ్మ అడుగుతున్నారు, సారు టైప్ చేస్తున్నారు, నేను మిషన్ ముట్టుకోలేదు. పదిహేడు దొరికాయి. "చెరువు కింది మడి" కొట్టగానే నోటు, దాని పక్కనే సాదాబైనామా స్కాన్ వచ్చాయి, అమ్మ స్క్రీన్ మీద ఆ వేలిముద్రను చేత్తో తడిమి "గిది మా మామది" అన్నారు.

దొరకని మూడింటిలో ఒకటి బోరు బిల్లు. దాని అక్షరాలు మొత్తం ఎగిరిపోయి తెల్లగా ఉంది, వేడితో అచ్చయ్యే రసీదు కాగితాల గతి అంతే, ఇప్పుడు నోటు మాత్రం పెట్టాం. రెండోది గుండె డాక్టరు మొదటి చీటి, అది అసలు ఇంట్లోనే లేదని తేలింది. మూడోది సారు నాన్నగారి కాలం నాటి ఉర్దూ కాగితం, నిజాం కాలం రెవెన్యూ కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉండేవి, ఇది చేతిరాత కూడా. ఓసీఆర్‌తో అయ్యే పని కాదు. సారుతో కలిసి పనిచేసిన ఒక ఉర్దూ టీచర్ గారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన రెండు పేజీలు చదివి సారాంశం చెప్పారు, టైప్ చేసి పక్కన పెట్టాను. ఇంకా నాలుగు పేజీలు ఉన్నాయి, ఆయనకు కంటి ఆపరేషన్ అయ్యాక చదువుతానన్నారు.

పోయిన నెల చూడ్డానికి వెళ్తే పర్యాయపదాల ఫైలులో సారు సొంతంగా నాలుగు వరుసలు చేర్చి ఉన్నారు. చివరిది: పించను, పింఛన్, పెన్షన్.